గోమెరానా, జెజూనా? రెండు లావా దీవులు, ఒక మోకాలి నొప్పి

వరంగల్ భద్రకాళి బండ్ మీద పొద్దున్నే నడిచే మా బ్యాచ్‌లో ఇద్దరికి వచ్చే ఏడాది ఏదైనా దీవికి వెళ్లి వారం రోజులు నడవాలని ఉంది. నేను రెండు దీవులు చూసొచ్చానని తెలిసి, "టీచరమ్మా, రెండిట్ల ఏది మంచిగుంటది? ఒక్క మాటల చెప్పరాదు" అని పట్టుకున్నారు. ఒక్క మాటలో తేలేది కాదు. లా గోమెరాకు మా ఆయనతో వెళ్లాను, జెజూకు మా అక్కతో. ఎవరితో వెళ్తున్నామన్న దాంట్లోనే సగం జవాబు ఉంది.

మిగతా సగం రాయిలో ఉంది. గోమెరా స్పెయిన్‌కు చెందిన కానరీ దీవుల్లో ఒకటి, అట్లాంటిక్ సముద్రంలో 370 చదరపు కిలోమీటర్ల ముక్క. జెజూ దక్షిణ కొరియాది, దానికి ఐదింతలు ఉంటుంది. రెండూ లావాతో లేచినవే. ఆ మాటకొస్తే మన ఆదిలాబాద్ నల్లరేగడి కూడా లావా రాయి అరిగి వచ్చిన మట్టే. అయితే గోమెరాలో అగ్నిపర్వతం చల్లారి దాదాపు 20 లక్షల ఏళ్లయింది. అన్నేళ్లుగా వాన కోస్తూనే ఉంది కాబట్టి నడుమ గుట్ట, దాని చుట్టూ బండి చక్రం ఆకుల్లా లోతైన లోయలు మిగిలాయి. జెజూలో 1002లో, 1007లో కూడా నిప్పు లేచిందని కొరియా చరిత్రలో రాసి ఉంది. రాయి ఇంకా కొత్తది, వాలు మెత్తనిది. నడుమ 1,947 మీటర్ల హల్లాసాన్, చుట్టూ బోర్లించిన గంపల్లా 360 దాకా చిన్న గుట్టలు. వాటిని ఓరుమ్ అంటారు. ఈ తేడా పుస్తకంలో చదివితే ఏమీ అనిపించదు. మోకాళ్లకు మాత్రం మొదటి రోజే తెలుస్తుంది.

గోమెరాలో మేం నడిచిన దారి ఎల్ కొంటదేరో అనే చోట, 1,300 మీటర్లకు పైన మొదలైంది. గరహోనాయ్ నేషనల్ పార్క్ అది, 1986లో యునెస్కో జాబితాకెక్కింది. మే నెలలో మన తాడ్వాయి అడవిలో టేకు ఆకంతా రాలి కాలి కింద పెళపెళలాడుతుంది కదా, అదే మే నెలలో ఇక్కడ నేల తడిసి ఉంది. వాన పడలేదు. సముద్రం మీది నుంచి వచ్చే గాలి మబ్బును తెచ్చి కొండకు కొడుతుంది, చెట్లు ఆ మబ్బును ఆకులతో పట్టుకుని బొట్టుబొట్టుగా కింద వదులుతాయి. మా ఆయన కళ్లద్దాలు తుడుచుకోవడంతోనే సరిపోయింది. కొమ్మలన్నీ నాచు కప్పుకుని పచ్చగా ఉన్నాయి. ఒకప్పుడు మధ్యధరా తీరమంతా ఇలాంటి, ఏడాదంతా పచ్చగా ఉండే లారెల్ చెట్ల అడవే ఉండేదట. వాతావరణం మారడంతో అక్కడ ఆ అడవి పోయింది, ఇలాంటి దీవుల్లో మిగిలింది. 2012 కార్చిచ్చులో పార్కు కొంత కాలిపోయింది, అందుకే నిప్పు విషయంలో గట్టిగా ఉంటారు.

ఎల్ సెద్రో పల్లె దాటాక అసలు పరీక్ష. ఎర్మిగువా లోయలోకి దిగేసరికి మొత్తం మీద వెయ్యి మీటర్ల దాకా దిగినట్టు. పక్కన జలపాతం, కింద అరటి తోటలు, కళ్లకు పండగే. కానీ అన్నీ మెట్లు, అన్నీ తడి. నాకు ఆ రాత్రి మంచం దిగడం రాలేదు. అక్కను తెచ్చి ఉంటే ఏమయ్యేదో అనుకున్నాను.

అక్క వచ్చింది జెజూకు. అక్కడ ఒల్లే దారులు ఉన్నాయి, దీవి చుట్టూ 27 రూట్లు, మొత్తం 437 కిలోమీటర్లు. సుహ్ మ్యోంగ్ సుక్ అనే మాజీ జర్నలిస్టు స్పెయిన్‌లో సాంతియాగో యాత్ర దారి నడిచొచ్చి, మా ఊళ్లో ఎందుకు ఉండకూడదని 2007లో మొదలుపెట్టారు. ఒల్లే అంటే జెజూ యాసలో వీధి నుంచి ఇంటి గడప దాకా వచ్చే సన్న సందు. మన గల్లీ అనుకోండి. దారి తప్పకుండా కొమ్మలకు నీలం, నారింజ రిబ్బన్లు కట్టి ఉంటాయి. కాలు నొచ్చిన చోట ఆపేసి బస్సెక్కొచ్చు. ఏడో రూట్‌లో సగం నడిచి మేం చేసిందదే. గోమెరాలో లోయ మధ్యలో కాలు నొస్తే ఎక్కడానికి ఏమీ ఉండదు. అక్కడ బస్సును గువాగువా అంటారు, పేరు ముద్దుగా ఉంది గానీ రోజుకు తిరిగేవి కొన్నే.

జెజూ పల్లెల్లో నల్లరాతి గోడల మధ్య పాతకాలపు వాకిలి చూశాం. తలుపు లేదు, రెండు రాతి స్తంభాల మధ్య మూడు దుంగలు. మూడూ కిందికి ఉంటే ఇంట్లో మనిషి ఉన్నట్టు, ఒకటి అడ్డం పెట్టి ఉంటే దగ్గర్లోనే ఉన్నట్టు, మూడూ అడ్డం ఉంటే దూరం పోయినట్టు. "మనింట్ల గిట్ల వెడితే మేక వొచ్చి మొక్కలన్నీ మేసిపోతది" అంది అక్క.

అడవి సంగతికొస్తే జెజూ రెండో స్థానమే. గొత్‌జావల్ అనే అడవులు విచిత్రంగా ఉంటాయి, మట్టి పెద్దగా లేని లావా రాళ్ల గుట్టల మీదే చెట్లు వేళ్లు పెనవేసుకుని పెరిగాయి. బాగుంది, కానీ గరహోనాయ్ పొగమంచులో నిలబడినప్పటి నిశ్శబ్దం దొరకలేదు. హల్లాసాన్ శిఖరానికి ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. నేనొక్కదాన్నే సొంగ్‌పానక్ దారిన బయల్దేరాను, పైకి 9.6 కిలోమీటర్లు. దారిలో జిందల్లేబాత్ అనే మజిలీ దగ్గర టైమ్ దాటితే పైకి వదలరు. కూర్చుని కింబాప్ (నాచు రేకులో చుట్టిన అన్నం) తిన్న పుణ్యానికి పది నిమిషాలు ఆలస్యమైంది. వెనక్కి పంపేశారు. తప్పు నాదే.

ఇప్పుడు ఈలల సంగతి, నాకు రెండు దీవులనూ కలిపేది అదే. గోమెరాలో ఎదుటి కొండ మీది మనిషి కళ్లకు కనిపిస్తాడు, దగ్గరికి వెళ్లాలంటే మాత్రం లోయ దిగి ఎక్కాలి. అందుకే ఈలతో మాట్లాడటం పుట్టింది. సిల్బో అంటారు, ఇప్పుడు స్పానిష్ మాటలనే ఈలగా మారుస్తారు. 1999 నుంచి బడిలో పిల్లలకు పాఠం, 2009లో యునెస్కో గుర్తింపు. మేం భోంచేసిన హోటల్లో ఒకాయన మా ఆయన కళ్లద్దాల డబ్బా తీసి నా సంచిలో దాచి, నోట్లో వేలు మడిచి ఈల వేశాడు. ఇదంతా చూడకుండా బయట నిలబడ్డ ఇంకొకాయన లోపలికొచ్చి నేరుగా నా సంచిలో చెయ్యి పెట్టాడు. టూరిస్టుల కోసం చేసేదే, అయినా ఒళ్లు ఝల్లుమంది.

జెజూ ఈల వేరు. అది మాట కాదు, ఊపిరి. హేన్యో అనే ఆడవాళ్లు ఆక్సిజన్ సిలిండర్ లేకుండా సముద్రం అడుగుకు మునిగి నత్తలు, సముద్రపు నాచు ఏరుకొస్తారు. పైకి తేలగానే బిగబట్టిన గాలిని 'హూయ్' అని వదులుతారు. ఆ శబ్దం పేరు సుంబిసోరి. వాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లే. వల సంచి భుజాన వేసుకుని ఒడ్డుకొచ్చిన ఒకామెను చూసి అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గామె నాకంటె పెద్దది గదనే" అంది. మర్నాడు మోకాలి పట్టీ హోటల్లోనే వదిలేసి వచ్చింది.

తిండిలో గోమెరాకే నా ఓటు. ఉడికించిన ఆలుగడ్డ మీద మోహో అనే ఎర్ర తొక్కు వేస్తారు, మిరప, వెల్లుల్లి, నూనె. నోటికి ఊరు గుర్తొచ్చింది. ఇంకా గుర్తొచ్చింది వాళ్ల తాటితేనె దగ్గర. పేరుకే తేనె, మన ఈత చెట్టు జాతిదే అయిన కానరీ ఖర్జూర చెట్టు ఎక్కి, మొవ్వు గీసి, రాత్రంతా కారిన నీరాను పొద్దున్నే దించి పాకం కాస్తారు. చీమలు ఎక్కకుండా కాండానికి రేకు చుడతారు. మోకు, ముస్తాదు వేసుకుని మా ఊరి గౌడన్న అక్కడ దిగితే సాయంత్రానికల్లా పనిలో కుదిరిపోతాడు. జెజూలో చేప, పంది మాంసం తినేవాళ్లకు లోటు లేదు. శాకాహారులు మాత్రం బ్యాగులో పొడులు, పచ్చళ్లు పెట్టుకోండి.

గోమెరాకు వీసా కావాలి, సియోల్ మీదుగా వెళ్తే జెజూకూ కావాలి. సియోల్ నుంచి జెజూకు గంట సేపే, విమానాలు బస్సుల్లా తిరుగుతుంటాయి. గోమెరాకు మాడ్రిడ్ మీదుగా టెనెరీఫ్, అక్కడి నుంచి పడవలో ఇంకో గంట. టెనెరీఫ్‌లో ఎయిర్‌పోర్టులు రెండు. మాకు టికెట్లు తీసిన ఏజెంట్ ఉత్తరానిది తీశాడు, పడవలేమో దక్షిణాన లాస్ క్రిస్టియానోస్ రేవు నుంచి. మేం దీవి దాటేసరికి చివరి పడవ పోయింది. ఆ రాత్రి రేవు పక్కన లాడ్జి, మా ఆయన మౌనవ్రతం. టికెట్ తీసేముందు దక్షిణ ఎయిర్‌పోర్టా కాదా అని ఒకటికి రెండుసార్లు అడగండి.

మొత్తానికి అడవి కోసం, నడక కోసమే వెళ్లేవాళ్లకు నేను గోమెరానే చెప్తాను. పెద్దవాళ్లు వెంట ఉంటే, మధ్యలో ఆపే వీలు కావాలంటే జెజూ. ఏది అనుకున్నా ముందు ఒక ఆదివారం రేగొండ దగ్గరి పాండవుల గుట్టలు ఎక్కి దిగి చూసుకోండి, అక్కడి రాతి చిత్రాలు చూసినట్టూ ఉంటుంది. మర్నాడు మెట్లు దిగగలిగితే గోమెరా టికెట్ తీసుకోవచ్చు.

మా బ్యాచ్‌లో ఆ ఇద్దరూ పోయిన వారం పాండవుల గుట్టలకు వెళ్లొచ్చారు. సార్ కుంటుతూ వచ్చారు, మేడమ్ మామూలుగానే వచ్చారు. సార్‌కు జెజూ, మేడమ్‌కు గోమెరా అని చెప్పాను. వాళ్లిద్దరూ మొగుడూపెళ్లాలు.

"మంచి పంచాయితే పెట్టిన్రు టీచరమ్మా" అన్నారు సార్.