మారేడుమిల్లి బొంగు చికెన్: ఏ బడ్డీ దగ్గర ఆగాలి

రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం మీదుగా సుమారు 85 కిలోమీటర్లు వెళ్తే మారేడుమిల్లి. ఊరు దగ్గర పడేకొద్దీ రోడ్డు పక్కన బొంగు చికెన్ బడ్డీలు కనిపిస్తాయి. మసాలా పట్టించిన కోడి ముక్కల్ని వెదురు బొంగులో కూరి నిప్పుల మీద కాలిస్తే అదే బొంగు చికెన్. బోర్డులన్నీ ఒకేలా ఉన్నా రుచి మాత్రం బడ్డీకో తీరు. మసాలా వల్ల వచ్చే తేడా కొంతే, అసలు తేడా బొంగులో, మంటలో ఉంది. ధర అడిగే ముందు పొయ్యి దాకా వెళ్లి చూడండి.

బొంగు పచ్చిగా ఉండాలి. ఈ వంటలో నూనె వేయరు, నీళ్లు పోయరు. మాంసంలో ఊరే నీరూ వెదురు గోడలోని తేమా ఆవిరై ముక్కను ఉడికిస్తాయి. వెదురు వాసన ముక్కకు పట్టేదీ ఆ ఆవిరితోనే. ఎండు బొంగైతే ముక్క ఉడికేలోపే అంటుకుంటుంది. పసుపు తిరిగిన బొంగులు పేర్చి ఉన్నాయంటే ఆ బడ్డీ వదిలేయండి. ఒక కొసన కణుపు ఉండి, రెండో కొస తెరిచి ఉన్నదే పనికొస్తుంది. రెండు కొసలా కణుపు మూసుకుని ఉంటే ఆవిరికి దారిలేక మంటలో పేలుతుంది. మూతిని అడ్డాకుల్లాంటి పచ్చి ఆకులతో బిగించేది కూడా అందుకే: ఆవిరి లోపల నిలుస్తుంది, ఎక్కువైంది సందుల్లోంచి పోతుంది.

లోపల 7 సెంటీమీటర్ల వెడల్పు, 35 సెంటీమీటర్ల పొడవు ఉన్న బొంగును ముప్పావు వంతు నింపితే కిలోకి కాస్త అటూఇటూగా పడుతుంది. మూతి దాకా కూరితే నడిమి ముక్కలు పచ్చిగా మిగిలిపోతాయి. కిలోకి రెండు చెంచాల ఉప్పు, మూడు చెంచాల కారం, అర చెంచా పసుపు, రెండు పెద్ద చెంచాల అల్లంవెల్లుల్లి ముద్ద, రెండు చెంచాల ధనియాల పొడి, చెంచా గరం మసాలా, ఒక నిమ్మకాయ, కాస్త ఉల్లి, పచ్చిమిర్చి తరుగు సరిపోతాయి. అరగంట నానితే చాలు. పొద్దున్నే నిమ్మరసం పిండి సాయంత్రం దాకా ఉంచిన ముక్క పైపైన మెత్తబడి, కాలాక పిండిపిండిగా తగులుతుంది. ఎర్ర రంగు కలిపిన బొంగు కూడా నాకు నచ్చదు. మంచి కారం వేస్తే ఆ అవసరమే రాదు.

ఇక మంట. ఇక్కడే చాలామంది తొందరపడతారు. నిలువుగా ఎగిసే మంట మీద పెడితే బొంగు పైన నల్లబడుతుంది, లోపల ముక్క ఎముక దగ్గర ఎర్రగానే ఉంటుంది. కట్టెలు బాగా కాలి, నిప్పులు పడి, చిన్న మంట మిగిలాక బొంగును మూతివైపు కాస్త ఎత్తుగా ఆనించాలి. మూతి కిందికి వాలితే రసమంతా కారిపోతుంది. నాలుగైదు నిమిషాలకోసారి పావు చుట్టు తిప్పాలి. తిప్పకుండా వదిలితే ఒక వైపు గోడ కాలి చిల్లు పడుతుంది, పొగ లోపలికి చేరి చేదెక్కుతుంది. బాయిలర్ కోడికి నలభై నిమిషాలు దాటుతుంది, నాటుకోడికి గంట పైనే. ఆకుల సందులోంచి ఆవిరి ఆగకుండా వస్తూ, మసాలా పచ్చివాసన పోయి, బొంగు పచ్చదనం పూర్తిగా పోయిందంటే దించవచ్చు. వానాకాలంలో తడి కట్టెలతో పొగే ఎక్కువ. ఎండుకట్టె కప్పి దాచుకున్న బడ్డీ వెతుక్కోండి.

పది నిమిషాల్లో ఇస్తామంటే అది ముందే కాల్చి పెట్టి మళ్లీ వేడి చేస్తున్నదే. రసం ఇంకిపోయి పీచులుగా ఉంటుంది. ముందుగా చెప్పి, మీ ఎదురుగా నింపించుకోండి. గంట ఆగడం కష్టమనిపించినా, ఆగినవాళ్లకే అసలు బొంగు చికెన్ దక్కుతుంది. ఆకులో ఒంపినప్పుడు ముక్కలతో పాటు పల్చటి రసం జారాలి. ఆ రసం లేకపోతే ఎక్కడో తేడా వచ్చినట్టే.

బొంగు బిర్యానీ అంతగా సిఫారసు చేయలేను. బియ్యానికి కావలసినంత నీరు ఆ ఇరుకులో సమంగా అందదు. అడుగున ముద్దవుతుంది, మూతి దగ్గర పలుకుగా మిగులుతుంది.

పార్శిల్ కావాలంటే ప్లాస్టిక్ కవర్లో ఒంపనివ్వకండి. ఆకు మూత తీయకుండా బొంగుతోనే ఇమ్మనండి. వేడి పోకముందే, రంపచోడవరం దాటేలోపు తినేయడం మేలు.