ట్రాక్‌కి పోయే కారుకు మొదటి ఖర్చు దేని మీద: రీమ్యాపా, టైర్లా, బ్రేకులా?

హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల నుంచి ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. "అన్నా, చెన్నైల ట్రాక్ డేకి పోదామనుకుంటున్న. చేతిల ఉన్న పైసలతోటి ముందుగాల స్టేజ్ వన్ చేయించుకోవాల్నా, టైర్లు మార్చాల్నా, బ్రేకుల పని చూడాల్నా?" ట్రాక్ డే అంటే సొంత కారును రేసు ట్రాక్ మీద నడుపుకునే రోజు. స్టేజ్ వన్ అంటే రీమ్యాప్, ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం. అడిగేవాళ్ల దగ్గర ఎక్కువగా ఉండేవి పోలో జీటీ, ఐ20 ఎన్ లైన్ లాంటి బండ్లు. అప్పుడప్పుడు ఓ మినీ కూపర్ ఎస్.

ఈ మూడింటిలో దేని లాభం దానికి ఉంది. అయితే మన వైపు నుంచి వెళ్లేవాళ్లలో కారును ట్రెయిలర్ మీద ఎక్కించుకుని పోయేవాళ్లు చాలా తక్కువ. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై సర్క్యూట్‌లో ల్యాపులు కొట్టిన కారులోనే ఆరు వందల కిలోమీటర్లకు పైగా నడుపుకుంటూ ఇంటికి రావాలి. అందుకే ఏ ఖర్చుతో ఎన్ని సెకన్లు తగ్గుతాయన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు చూడాల్సింది, ఏ ఖర్చు పెడితే సాయంత్రానికి బండి పొద్దున ఉన్నట్టే ఉంటుందని.

రీమ్యాప్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే అందరి మనసూ దాని మీదే. పోలోలోని 1.0 టీఎస్ఐ ఇంజిన్ కంపెనీ నుంచి 110 పీఎస్, 175 ఎన్ఎం ఇస్తుంది. మంచి ట్యూనర్ చేతిలో పడితే ఇంకా ఇస్తుంది, అందులో అనుమానం లేదు. ఎటొచ్చీ లెక్క ఒకటి చూడండి. డ్రైవర్‌తో కలిపి 1200 కిలోల కారు స్ట్రెయిట్ చివర 160 కి.మీ. వేగం నుంచి 80కి తగ్గాలంటే బ్రేకులు సుమారు 890 కిలోజౌల్స్ శక్తిని వేడిగా మార్చాలి. రీమ్యాప్ పుణ్యమా అని అదే చోటికి 175 మీద వచ్చారనుకోండి, ఆ వేడి 1120 కిలోజౌల్స్ దాటుతుంది. వేగం పెరిగింది తొమ్మిది శాతం, వేడి పెరిగింది ఇరవై ఆరు శాతం. ప్రతి ల్యాపుకీ, ప్రతి పెద్ద మలుపు ముందూ ఇదే. బ్రేకులు కంపెనీవే ఉంచి పవర్ పెంచితే రెండో ల్యాపులో రావాల్సిన ఇబ్బంది మొదటి ల్యాపులోనే వస్తుంది.

ఇంకో రెండు సంగతులు. ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ (ఫోక్స్‌వ్యాగన్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్) ఉన్న బండి అయితే ఆ గేర్‌బాక్స్ తట్టుకునే టార్క్ 250 ఎన్ఎం. దాని అంచు దాకా ట్యూన్ చేయిస్తే ట్రాక్ మీది వేడికి ముందు నలిగేది క్లచ్చే. రెండోది పెట్రోల్. ఎక్కువ ఆక్టేన్‌కు ట్యూన్ చేయిస్తే ఆ పెట్రోలే దారి పొడవునా ప్రతి బంకులో దొరకాలి. ఖమ్మం దాటాక దొరక్క మామూలుది పోయించుకుంటే ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, స్పార్క్ టైమింగ్‌ను వెనక్కి లాగుతుంది, డబ్బు పెట్టి కొన్న పవర్ సగం దారిలోనే పోతుంది.

టైర్ల వాదన ఇంతకంటే గట్టిది. ఆగే దూరాన్ని తేల్చేది చివరికి టైరే. ఏబీఎస్ కొట్టుకునేదాకా తొక్కగలిగితే ప్యాడ్లు (డిస్కును పట్టి ఆపే పలకలు) మార్చినంత మాత్రాన ఒక్కసారి ఆగే దూరం తగ్గదు. కాబట్టి టైరు పక్కన ఉండే నాలుగంకెల తేదీ కోడ్ చూడండి. మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఐదారేళ్లు దాటి రబ్బరు గట్టిపడి ఉంటే ముందు వాటినే మార్చాలి, అప్పుడు ఈ చర్చే అక్కర్లేదు. టైర్లు బాగానే ఉంటే మాత్రం మొదటి ట్రాక్ డేకి సెమీ స్లిక్కులు (గాడులు తక్కువుండే ట్రాక్ టైర్లు) వద్దు. నెల్లూరు దగ్గర వాన పడితే హైవే మీద అవి నీళ్ల మీద తేలతాయి. పైగా పట్టు ఎక్కువైతే గట్టిగా తొక్కగలుగుతారు, మళ్లీ ఆ వేడంతా బ్రేకుల మీదే. ఉన్న టైర్లతోనే చల్లగా ఉన్నప్పుడు 28, 29 పీఎస్ఐతో మొదలుపెట్టండి. సెషన్ కాగానే గేజి పెట్టి, వేడి మీద 34, 35 దాటినదాన్ని కొంచెం వదలండి. తిరుగు ప్రయాణానికి ముందు చల్లారాక కంపెనీ చెప్పిన ప్రెషర్‌కు మళ్లీ నింపడం మర్చిపోవద్దు.

నా ఓటు బ్రేకులకే. అందులోనూ ముందు ఫ్లూయిడ్‌కు (పెడల్ ఒత్తిడిని చక్రాల దాకా చేర్చే ద్రవం), తర్వాత ప్యాడ్లకు. మన ఎండలకు ఫ్లూయిడ్ మరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. రామగుండంలో 45 డిగ్రీలు కొట్టినా సరే, వందల డిగ్రీలకు కాగే డిస్కు ముందు ఆ తేడా చిన్నదే. దెబ్బతీసేది తేమ. ఫ్లూయిడ్ రబ్బరు హోజుల గుండా, సీళ్ల గుండా గాలిలోని నీటిని లాక్కుంటుంది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు ఉండాలని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక అడిగేది 155 మాత్రమే. రెండు వానాకాలాలు చూసిన ఫ్లూయిడ్‌తో ట్రాక్ ఎక్కితే ప్యాడ్లను డిస్కు మీద నొక్కే క్యాలిపర్ దగ్గర ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. అప్పుడు పెడల్ మెత్తగా అడుగుకు పోతుంది, కారు మాత్రం ముందుకే పోతుంది.

అదే పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే అది ప్యాడ్ల పని, ఫ్లూయిడ్ కాదు. ఈ తేడా పట్టుకోకుండా ప్యాడ్లకు పోయాల్సిన డబ్బు ఫ్లూయిడ్‌కు, ఫ్లూయిడ్‌కు పోయాల్సింది ప్యాడ్లకు పోసేవాళ్లు ఎక్కువ.

ఏ ఫ్లూయిడ్? మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీల దాకా మరగదు. మన అవసరానికి అది చాలు. క్యాస్ట్రాల్ ఎస్ఆర్ఎఫ్ నీరు చేరాక కూడా 270 దాకా ఆగుతుంది కానీ ధర చాలా ఎక్కువ. ఏటా నాలుగైదు ట్రాక్ డేలు చేసేవాళ్లకే అది గిట్టుబాటు. డాట్ 5 అని రాసి ఉన్న సిలికాన్ రకం మాత్రం పోయకూడదు. అది మిగతా రకాలతో కలవదు, ఏబీఎస్ బండికి పనికిరాదు. డాట్ 5.1 వేరు, అది డాట్ 4తో కలుస్తుంది.

చిన్న హ్యాచ్‌బ్యాక్‌కు పూర్తిగా మార్చడానికి ఒక లీటరు, అంటే అర లీటరు సీసాలు రెండు సరిపోతాయి. సర్వీస్ మాన్యువల్ వేరే వరస చెప్పకపోతే పెడల్ వెనక ఉండే మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలు: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు నిపుల్ (చక్రం దగ్గర ఫ్లూయిడ్ బయటికి వదిలే స్క్రూ) వదిలి బిగించాలి, ఆ తర్వాతే పెడల్ పైకి రావాలి. పాత బండిలో పెడల్‌ను అడుగంటా తొక్కొద్దు. మాస్టర్ సిలిండర్ చివర రోజూ సీలు తిరగని చోట మడ్డి పేరుకుని ఉంటుంది, సీలు దాని మీద గీరుకుపోతుంది. పెడల్ కింద చిన్న చెక్క ముక్క పెడితే సరి. పారదర్శక గొట్టంలో టీ రంగు పోయి లేత పసుపు వచ్చి, బుడగ కనిపించనప్పుడు ఆ చక్రం అయిపోయినట్టు. రిజర్వాయర్‌లో మట్టం మిన్ గీత కిందికి దిగనివ్వొద్దు. మాన్యువల్ పోలోలో క్లచ్‌కు కూడా ఆ డబ్బాలోంచే ఫ్లూయిడ్ వెళ్తుంది, మట్టం పడితే గాలి ముందు క్లచ్‌లోకి పోతుంది. ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి చేరితే స్కాన్ టూల్‌తో పంపు తిప్పిస్తే తప్ప రాదు. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగాలి. మూత తీసిన సీసాను వచ్చే ఏడాదికి దాచుకోవద్దు.

ప్యాడ్ల విషయంలో పూర్తి రేసు రకం మనకు నప్పదు. అవి చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు, హన్మకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో కీచుమంటాయి, డిస్కును త్వరగా తినేస్తాయి. ఫెరోడో డీఎస్2500 లాంటి మధ్యరకం చల్లగా ఉన్నా పట్టుకుంటుంది, 500 డిగ్రీల దాకా పనిచేస్తుంది. ఇంటి నుంచి ట్రాక్‌కు, ట్రాక్ నుంచి ఇంటికి అదే సెట్టు నడుస్తుంది. సగం అరిగిన ప్యాడ్‌తో మాత్రం వెళ్లొద్దు. ప్యాడ్ పలుచబడేకొద్దీ వేడి పిస్టన్‌లోకి, అక్కడి నుంచి ఫ్లూయిడ్‌లోకి తొందరగా దిగుతుంది. కొత్త ప్యాడ్లను పబ్లిక్ రోడ్డు మీద కాకుండా మొదటి సెషన్‌లోనే కుదరనివ్వండి: ఎనిమిది, పది సార్లు వేగం నుంచి బాగా తగ్గిస్తూ, పూర్తిగా ఆగకుండా. ఆ తర్వాత ఒక ల్యాపు బ్రేకు తాకకుండా చల్లార్చాలి.

పెద్ద బ్రేక్ కిట్ మొదటి ఏడాదికి అక్కర్లేదు. పదిహేను అంగుళాల రిమ్ములో చాలా కిట్లు పట్టవు కూడా. డ్రిల్లు చేసిన డిస్కులు రంధ్రాల దగ్గర చీలే ప్రమాదం ఉంది, మామూలు వెంటిలేటెడ్ డిస్కే మేలు. కాయిలోవర్ల (ఎత్తు మార్చుకునే సస్పెన్షన్) గురించి రెండో ఏడాది ఆలోచించండి.

కాగితాల వైపు నుంచి చూసినా బ్రేకులకే మొగ్గు. ఫ్లూయిడ్, అదే సైజు ప్యాడ్లు మామూలు అరుగుదల భాగాల కిందికి వస్తాయి. రీమ్యాప్ సంగతి అలా కాదు, వారంటీ దగ్గర గొడవ తప్పదు. మామూలు కారు బీమా అయితే రేసింగ్‌కూ, వేగ పరీక్షలకూ వర్తించదు. అంటే ట్రాక్ మీద దెబ్బతింటే ఏం మార్చినా మార్చకపోయినా ఖర్చు మీదే.

సెషన్ ముగిశాక ఒక ల్యాపు నెమ్మదిగా తిప్పి ప్యాడక్‌కు (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటు) రండి. హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు, గేరులో పెట్టి చక్రం కింద అడ్డు పెట్టండి. బయల్దేరే ముందు చక్రాల సందులోంచి టార్చి వేసి ప్యాడ్ మందం చూడండి. అంచులు తెల్లబడి పొడిగా రాలుతుంటే ఆ ప్యాడ్లు కాలిపోయినట్టే. అందుకని పాత కంపెనీ సెట్టు డిక్కీలో ఉండాలి. పోలో వీల్ బోల్టులను టార్క్ రెంచితో 120 ఎన్ఎం దగ్గర మళ్లీ చూసుకోండి. చల్లారాక కూడా పెడల్ పొద్దుటికంటే మెత్తగా ఉంటే హైవే ఎక్కొద్దు. ముందు రెండు చక్రాలనూ అక్కడే బ్లీడ్ చేయాలి, అంటే పైన చెప్పినట్టు పాత ఫ్లూయిడ్, బుడగలు తీసేయాలి, దానికి ఇంకో అర లీటరు సీసా వెంట తీసుకెళ్లండి.