పాత పేజ్‌మేకర్ ఫైళ్లకు లిబ్రెఆఫీస్ డ్రా: కొన్నేళ్ల వాడకం తర్వాత

ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్‌ను మెచ్చుకొనేవారు ఎక్కువగా అందులో రాతపనికి వాడే రైటర్ గురించో, లెక్కలకు వాడే కాల్క్ గురించో చెబుతారు. నాకు దాని మీద ఉన్న అభిమానమంతా బొమ్మలు గీయడానికి వాడే డ్రాలోని ఒక్క సదుపాయం వల్ల కలిగింది: అది అచ్చుకు పుటలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఫైళ్లను తెరుస్తుంది. 1990ల చివరి నుంచి మేము కొందరు మిత్రులం కలిసి నడిపిన చిన్న సాహిత్య పత్రిక సంచికలన్నీ పేజ్‌మేకర్‌లో, అను అనే పాత తరహా తెలుగు ఫాంట్లతో కూర్చినవే. అచ్చు ప్రతులు చాలావరకు చేతులు మారిపోయాయి, ఫైళ్లు మాత్రం సీడీలలో మిగిలాయి.

పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ ఫైళ్లను దాని స్థానంలోకి వచ్చిన ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ సీఎస్6 వెర్షన్ వరకు తెరవగలిగేది, తరువాతి వెర్షన్లలో ఆ వీలును తీసివేశారు. అంటే నాబోటి సరదా వాడుకరి ఇప్పుడు చందా కట్టి కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చుకున్నా, తాను కూర్చిన పేజీని తాను చూసుకోలేడు. పాత ఫార్మాట్లను చదవడమే పనిగా 2014లో మొదలైన డాక్యుమెంట్ లిబరేషన్ ప్రాజెక్ట్ వారి కృషి వల్ల, 2015లో వచ్చిన లిబ్రెఆఫీస్ 4.4తో పేజ్‌మేకర్ ఫైళ్లను చదివే వీలు కలిగింది.

మొదటిసారి ఒక పాత సంచికను తెరిచినప్పుడు తెర నిండా రోమన్ అక్షరాలు, గణిత చిహ్నాలు కలగలిసిన గందరగోళం కనిపించింది. ఫైలు పాడైందనే అనుకున్నాను. పాత అను ఫాంట్‌ను కంప్యూటర్‌లో ఎక్కించి మళ్లీ తెరిస్తే అదే పేజీ చక్కని తెలుగులో నిలిచింది. శీర్షికలు, గీతల పెట్టెలు, పుట సంఖ్యలు దాదాపు వాటి వాటి స్థానాల్లోనే ఉన్నాయి. అంతకంటే నన్ను సంతోషపెట్టిన సంగతి మరొకటి ఉంది. ఆ పాఠం బొమ్మగా కాక పాఠంగానే వచ్చింది, కనుక దాన్ని ఎంచుకొని, నకలు తీసి, యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే, వెతకగలిగే అక్షర సంకేతాల్లోకి మార్చుకోవచ్చు. ఇప్పుడు మన మధ్య లేని ఒక మిత్రుడి కవితలు మళ్లీ వెతికితే దొరికే అక్షరాలుగా మారడం ఈ ఒక్క సదుపాయం వల్లనే సాధ్యమైంది.

అయితే మార్చుకోవచ్చు అన్నంత తేలికగా ఆ పని జరగదని కూడా చెప్పాలి. ఆ కాలపు ఫాంట్లలో అక్షరానికి సొంత సంకేతం ఉండదు. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు వేర్వేరు ముక్కలుగా, కంటికి కనిపించే వరుసలో పేర్చి ఉంటాయి, 'మ' కూడా 'వ'కు ఒక ముక్కను తగిలించి చేసిందే. నేను వాడిన ఒక మార్పిడి సాధనం ఈ ముక్కల దగ్గరే తడబడి, ఒక వ్యాసం పొడవునా 'మ' ఉండవలసిన చోట 'వు' పెట్టింది. ఇది డ్రా లోపం కాదు. ఫైలు తెరుచుకోవడంతో సగం పనే అయినట్టని, మిగతా సగం ప్రూఫులు దిద్దే ఓపిక మీద ఆధారపడుతుందని మాత్రం తెలిసింది.

తెరుచుకున్న పేజీని డ్రాలోనే సరిచేసి మళ్లీ అచ్చుకు పంపాలనుకునేవారికి నేను అంత ధైర్యంగా సిఫారసు చేయలేను. పేజ్‌మేకర్ ఫార్మాట్‌ను అది చదువుతుందే తప్ప, తిరిగి ఆ ఫార్మాట్‌లో భద్రపరచలేదు. పేజ్‌మేకర్‌లో బొమ్మలను బయటి ఫైళ్లకు ముడివేసి ఉంచడం మామూలే కాబట్టి, ఆ ఫైళ్లు జారిపోయిన సంచికల్లో బొమ్మల చోట ఖాళీలే మిగిలాయి. రెండు వరుసల పుటలను కొత్తగా కూర్చవలసి వచ్చినప్పుడు నేను పుటలు కూర్చే ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్‌కు వెళుతున్నాను.

ఈ సదుపాయం ఎల్లకాలం ఉంటుందనే భరోసా కూడా నాకు లేదు. లిబ్రెఆఫీస్‌కు పూర్వరూపమైన స్టార్‌ఆఫీస్ పాత ఫైళ్లను చదివే భాగాన్నే 4.0 వెర్షన్‌లో తొలగించారు, తరువాత వేరే లైబ్రరీ (సాఫ్ట్‌వేర్ విడిభాగం) ద్వారా అది తిరిగి వచ్చింది. అందుకే ప్రతి సంచికకూ అసలు ఫైలు, పీడీఎఫ్, యూనికోడ్ పాఠం మూడూ దాచుకుంటున్నాను. పీడీఎఫ్‌లో రూపం నిలుస్తుంది, వెతకడానికి యూనికోడ్ పాఠం పనికొస్తుంది, రేపు ఇంతకంటే బాగా చదివే సాధనం వస్తే అసలు ఫైలు అవసరపడుతుంది.

మాది నలుపు తెలుపుల్లో, ఎక్కువగా అక్షరాలతోనే నడిచిన పత్రిక, నాకు కావలసిందీ ఆ అక్షరాలే. ఆ మేరకు డ్రా నా అవసరం తీర్చింది. రంగుల ముఖచిత్రాలు, శుభలేఖలు చేసినవారి అనుభవం వేరుగా ఉండవచ్చు. పాత ఫాంట్ల ఫైళ్లు దగ్గర లేనివారు మాత్రం ముందు వాటిని సంపాదించుకొని, ఆ తరువాతే ఈ ప్రయత్నానికి పూనుకోవడం మంచిది.