గండికోట టెంటుకు 7,200, జమ్మలమడుగు సంగటికి 640

గండికోటలో టెంటు బుక్ చేయాలనుకునేవాళ్లు ముందు ఇది చదవండి. మనిషికి 1,800 చొప్పున నలుగురికి 7,200 కట్టాక కూడా, మోకాళ్ల నొప్పులున్న మా అత్తమ్మ రాత్రంతా కారు ముందు సీటు వెనక్కి వాల్చుకుని పడుకోవాల్సి వచ్చింది. ఆ మంట నాకింకా చల్లారలేదు.

అనంతపురం నుంచి తాడిపత్రి మీదుగా జమ్మలమడుగు, అక్కడి నుంచి పదిహేను కిలోమీటర్లు పోతే గండికోట. ప్రయాణంలో ఏ ఇబ్బందీ లేదు. ప్రభుత్వ హరిత హోటల్లో గదులు ముందే నిండిపోయాయి. డిసెంబరు శనివారాల్లో అంతే, అందరూ అప్పుడే వస్తారు. అందుకని మా ఆయన ఫోన్లో ఒక టెంట్ల క్యాంపు వాళ్లతో మాట్లాడి సగం డబ్బు, అంటే 3,600, అడ్వాన్సు పంపారు. పెన్న లోయ అంచునే టెంట్లు, మంచాలు, అటాచ్డ్ బాత్‌రూమ్, రాత్రికి సీమ భోజనం అని చెప్పారు. అత్తమ్మ కోసం మంచం సంగతి మా ఆయన రెండోసారి కూడా అడిగి ఖాయం చేసుకున్నారు.

పోయి చూస్తే అవేవీ లేవు. లోయ అంచుకు పోవాలంటే టెంట్ల దగ్గర్నుంచి ఇరవై నిమిషాలు నడవాలి. మంచాల బదులు నేల మీద పల్చటి పరుపులు. పధ్నాలుగు టెంట్లకు కలిపి రెండు బాత్‌రూములు, తెల్లవారుజామున వాటిలో నీళ్లు లేవు. భోజనానికి చల్లారిపోయిన ఫ్రైడ్ రైస్, పనీర్ కూర పెట్టారు. కడప జిల్లాలో కూర్చుని ఆ పనీర్ తినడానికా మేము ఇంత దూరం వచ్చింది? చలిమంటకు ఇంకో 500 అడిగారు. పదకొండున్నర దాకా స్పీకర్ల హోరు. మా పాప చెవుల్లో దూది పెట్టుకుంది. అత్తమ్మ మాత్రం ఒక్క మాట అనలేదు, అది చూస్తే నాకు ఇంకా బాధేసింది. మేనేజర్ని అడిగితే "రూల్స్ అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి కదా మేడమ్, చదువుకోలేదా?" అన్నాడు. కనీసం ఒక మంచం తెప్పించమంటే ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోయాడు. మా ఆయన మెత్తని మనిషి. ఆయన గొంతు లేవడం నేను చాలా అరుదుగా విన్నాను, ఆ రాత్రి విన్నాను.

ఆ క్యాంపు వాళ్లు లోయ పేరు చెప్పి డబ్బు గుంజుతున్నారు. ఆ లోయను చూడటానికేమో రూపాయి కట్టక్కర్లేదు! పొద్దున్నే ఐదున్నరకు లేచి కోటలోకి నడిచాం. మాధవరాయ ఆలయ గోపురం, జామియా మసీదు, పెద్ద ధాన్యాగారం దాటి, రంగనాథాలయం దగ్గర్నుంచి రాళ్ల మీదుగా అంచుకు చేరాం. ఎర్రమల కొండల్ని పెన్న నిలువునా కోసిన చోటు అది. రెండు వైపులా దొంతర్లు పేర్చినట్టు ఎర్రరాయి, అడుగున పచ్చగా నీళ్లు. ఎండ పడేకొద్దీ రాయి రంగు మారుతుంటే అత్తమ్మ ఒక బండ మీద కూర్చుని గంటసేపు కదల్లేదు, "నిద్ర లేకపోయినా పర్వాలేదు" అంది. ఒక హెచ్చరిక: అంచున కంచె లేదు. పిల్లల చెయ్యి వదలొద్దు, చెప్పులు కాదు బూట్లు వేసుకోండి. నీళ్లు మీరే తీసుకుపోండి.

మధ్యాహ్నానికి జమ్మలమడుగు వచ్చాం. పెట్రోలు బంకు కుర్రాడు చెప్పిన మెస్ అది. ఇంటి ముందు వసారాలో నాలుగు బల్లలు, బోర్డు కూడా లేదు. ఆ మెస్ ఆమె నూకలు ఉడుకుతున్న గుండిగలో రాగిపిండి గుమ్మరించి, కాసేపు కదపకుండా మగ్గనిచ్చి, తర్వాత తెడ్డుతో ఉండల్లేకుండా గెలికింది. తడిచేత్తో ముద్దలు చుట్టి ఆకులో వేసి, నడుమ గుంట చేసి నెయ్యి పోసింది. పక్కన నాటుకోడి పులుసు, ఊరిబిండి (వేరుశెనగల పచ్చడి), పచ్చి ఉల్లిపాయ. మసాలా ఘాటు ముక్కుకు తగిలింది కానీ కడుపులో మంట పెట్టలేదు. మా పాప ఇంట్లో సంగటి అంటే మొహం తిప్పుకుంటుంది, ఇక్కడ రెండో ముద్ద అడిగింది. "పెద్దమ్మా, కాళ్లు చాపుకో, ఎవురూ ఏమనుకోరు" అని ఆమె అత్తమ్మకు ఇంట్లోంచి పీట తెచ్చి వేసింది. మనిషికి 160, మొత్తం 640. ముద్ద మారు వేస్తే డబ్బు తీసుకోలేదు. గండికోట చూసేవాళ్లు భోజనం అక్కడ కాకుండా జమ్మలమడుగులోనే చేయండి, ఇది నేను గట్టిగా చెప్తాను.

రాత్రికి తాడిపత్రిలో మామూలు లాడ్జి. రెండు ఏసీ గదులు, ఒక్కోటి 1,200. ఉతికిన తెల్ల దుప్పట్లు, గీజరు, వెడల్పాటి మంచాలు. అత్తమ్మ నడక చూసి రిసెప్షన్ అబ్బాయి మేము అడగకముందే కింది అంతస్తు గది తాళం ఇచ్చాడు. మాకు కావాల్సిన సుఖం ఇదే, దీనికి వేలు పోయక్కర్లేదు. సాయంత్రం పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయానికి పోయాం. అక్కడ లింగం దగ్గర నీటి ఊట ఉంటుంది, బుగ్గ అనే పేరు దాని వల్లే. పూర్తికాని గోపురం మీద ఆ నల్లరాతి చెక్కడాలు చూడటానికైనా వెళ్లాలి. చింతల వెంకటరమణ ఆలయం కూడా ఊళ్లోనే. గండికోటను ఏలిన పెమ్మసాని నాయకులే ఈ రెండూ కట్టించారు కాబట్టి రెండు ఊళ్లూ ఒకే ప్రయాణంలో చూస్తే బాగుంటుంది.

పొద్దున ప్లేటు 40కి ఉగ్గాని (బొరుగుల ఉప్మా), మిరపకాయ బజ్జీ తిని బెలుం గుహలకు పోయాం. తాడిపత్రి నుంచి ముప్ఫై కిలోమీటర్లు, ఇప్పుడది నంద్యాల జిల్లా. గుహల పొడవు మొత్తం 3,229 మీటర్లు, మనల్ని పోనిచ్చేది అందులో కొంతే. లోపల చెమటలు కారతాయి, కొన్ని చోట్ల బాగా వంగి పోవాలి. అత్తమ్మ బయటే చెట్టు కింద కూర్చుంది. గుహ లోపల నీళ్లు పారే పాతాళగంగ దాకా పోయి వచ్చిన పాప ఆమెకు అంతా నటించి చూపించింది.

అయినా టెంటే కావాలంటే, మంచం ఉందా, బాత్‌రూములెన్ని, లోయ అంచు ఎన్ని నిమిషాల నడక అనేవి ఫోన్లో అడిగి ఊరుకోకండి, వాట్సాప్‌లో రాయించుకోండి. ఆ రోజు టెంటు లోపలిది, బాత్‌రూముది వీడియో పంపమనండి. అడ్వాన్సు 500 దాటి పంపొద్దు. ఒప్పుకోకపోతే రాత్రికి జమ్మలమడుగులో గది తీసుకుని, తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరండి. వెలుగు వచ్చేసరికి లోయ అంచున ఉంటారు.