పూలకుండీ పడవ, నగల దుకాణం తెరచాప

ముందుగా డబ్బు లెక్క చెప్పి మొదలుపెడతాను, ఎందుకంటే నా కడుపుమంట అక్కడే ఉంది. మొదటి రాత్రికి మా ఇద్దరికీ అయిన ఖర్చు 9,545 రూపాయలు. ఆ డబ్బుకు తెరచాప పడవ చూశాం, ఎక్కలేదు. రెండో రోజు పడవ, భోజనం, బస అన్నీ కలిపి 2,340 రూపాయలు. ఆ రోజు తెరచాప మోకు నా చేతిలోనే ఉంది.

నాకు ఈ పిచ్చి చిన్నప్పటిది. మా అమ్మమ్మగారి ఊరు బకింగ్‌హాం కాలువ గట్టున ఉండేది. 1970ల తొలినాళ్ళలో కూడా ఉప్పు, కట్టెలు వేసుకుని తెరచాప పడవలు ఆ కాలువలో వెళ్ళేవి. గాలి ఆగితే ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. దాదాపు 420 కిలోమీటర్ల ఆ కాలువలో మద్రాసు నగరంలోని ఒక ముక్క 1876-78 కరువు రోజుల్లో కూలికోసం వచ్చిన జనం తవ్వింది. అప్పటి మద్రాసు గవర్నరు పేరు దానికి పెట్టారు. ఆ పడవలవాళ్ళు ఎవరూ ధనవంతులు కారు. మధ్యాహ్నం ఉల్లిపాయ, గంజి తాగి మళ్ళీ చుక్కాని పట్టుకునేవారు.

ఈ మాట మా బావగారితో అంటే నవ్వుతారు. ఆయన మా ఆవిడకు అన్న, చెన్నైలో స్థిరపడ్డారు, అక్కడ సెయిలింగ్ నేర్చుకున్నారు. "పడవ కొనడం కాదయ్యా, దాన్ని పోషించడం కష్టం. ఒక్క మంచి తెరచాప ధరకు నీ ఏడాది పింఛను చాలదు" అన్నారు పోయిన సంక్రాంతికి. తపాలా శాఖలో 34 ఏళ్ళు చేసి రిటైరైనవాడిని, నా పింఛను ఎంతో ఆయనకు తెలుసు. అందరి ముందూ అన్నారు. ఏప్రిల్ నెలాఖరులో మేం బయలుదేరడానికి నిజమైన కారణం ఆ మాటే. ఆయనను కూడా రమ్మని పిలిచింది మాత్రం మా ఆవిడ.

ఒంగోలు నుంచి నెల్లూరుకు ఎక్స్‌ప్రెస్ బస్సు. నాకు 200, మా ఆవిడకు ఉచితం. ఆమె ఆ సున్నా రూపాయల టికెట్టును పర్సులో భద్రంగా దాచుకుంది. నెల్లూరు నుంచి మైపాడు వైపు ఆటోకు 600 అడిగారు, బేరం కుదరలేదు. బావగారు చెన్నై నుంచి కారులో నేరుగా వచ్చారు.

విడిది పేరు చెప్పను. సముద్రం కనిపిస్తుంది, కొబ్బరిచెట్లు ఉన్నాయి. వాళ్ళ ప్రచార చిత్రంలో తెల్లటి తెరచాపతో ఒక పడవ, అందులో నల్లకళ్ళద్దాల జంట. అది చూసే గది తీసుకున్నాను. గదికి 6,500, జీఎస్టీ 325. జలక్రీడల రుసుము మనిషికి 500 చొప్పున ముందే కట్టించుకున్నారు. సామాను పెట్టి, కాళ్ళు కడుక్కుని, కౌంటరు దగ్గరికి వెళ్ళి "తెరచాప పడవ ఎన్నింటికి?" అని అడిగాను.

అక్కడి కుర్రవాడు నన్ను చూడలేదు. నా చేతిలోని గుడ్డసంచిని చూశాడు, తర్వాత నా హవాయి చెప్పులను చూశాడు. "అది మామూలుగా ఇవ్వం సార్. అలవాటున్న అతిథులకే" అన్నాడు. నాకు అలవాటు లేదని అతనికి ఎలా తెలిసింది? ఆ ప్రశ్నే అడిగాను. అతను నవ్వి, ఈత కొలను ఎడమ పక్కన ఉందని చెప్పాడు.

అప్పుడు మా బావగారు లోపలికి వచ్చారు. ఆయన కాళ్ళకు పడవల్లో వేసుకునే ప్రత్యేకమైన బూట్లు, మణికట్టుకు పెద్ద గడియారం. కుర్రవాడు లేచి నిలబడ్డాడు. "పడవ చూపిస్తాను రండి సార్" అని ఆయన్ను వెంటబెట్టుకుని తోటలోకి తీసుకెళ్ళాడు. వెనకాలే మేం.

పడవ ఉంది. ఈత కొలనుకూ భోజనశాలకూ మధ్య గడ్డి మీద, సిమెంటు దిమ్మెలో పాతేసి ఉంది. లోపలంతా ఎర్రమట్టి నింపి బోగన్‌విల్లా, క్రోటన్లు నాటారు. తెరచాప రేకుది, దానికి తెల్లరంగు వేశారు. కింది అంచు తుప్పుపట్టి మట్టిలోకి గోధుమరంగు కారుతోంది. బావగారు చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది ఎక్కడికి వెళ్తుంది?" అని ఇంగ్లీషులో అడిగారు. "ఫోటోలకు సార్" అన్నాడు కుర్రవాడు. మా ఆవిడకు నవ్వు ఆగలేదు. నాకు మాత్రం నవ్వు రాలేదు, వెయ్యి రూపాయలు కట్టింది నేను.

వాదన ముప్పావు గంట నడిచింది. జలక్రీడలు అంటే ఈత కొలను, అందులో గాలి నింపిన బాతుబొమ్మ అని మేనేజరు వివరించాడు. డబ్బు తిరిగి ఇవ్వడం "వ్యవస్థలో లేదు" అన్నాడు. చివరికి 250 రూపాయల కూపన్లు రెండు చేతిలో పెట్టాడు. భోజనానికి వాడుకుందామంటే అవి మసాజుకు మాత్రమేనట. టీ కప్పు 120. రాత్రి భోజనం 1,480, అందులో చేపల పులుసు అని పెట్టిన గిన్నెలో చింతపండు కన్నా టమాటా ఎక్కువ. నెల్లూరు జిల్లాలో కూర్చుని నెల్లూరు వంటకానికి అంత ద్రోహం చేయడానికి ధైర్యం కావాలి. మా ఆవిడ ఒక ముద్ద తిని గిన్నె పక్కకు జరిపింది. తర్వాత నాతో మాట్లాడలేదు, వాళ్ళ అన్నతోనూ మాట్లాడలేదు.

రాత్రి కాపలా ఉన్న పెద్దాయనతో మాటల్లో పడ్డాను. పెన్న కలిసేచోటికి ఉత్తరాన ఒక పట్టపుపాలెంలో, అంటే మత్స్యకారుల పల్లెలో, తన తోడల్లుడు ఉన్నాడనీ, ఇంజను లేని చెక్కపడవ, తెరచాప ఇంకా ఉంచుకున్నాడనీ ఆయన చెప్పాడు. ఒక ఫోను చేసి పెట్టాడు. ఆ విడిదిలో నాకు జరిగిన ఏకైక మంచిపని అది, దానికి వాళ్ళు రుసుము వేయలేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మన తీరంలో వేట నిషేధం. మరపడవలూ ఇంజను పడవలూ ఒడ్డున ఉండాల్సిందే. ఇంజను లేని సంప్రదాయ పడవలకు మాత్రం ఆ నిషేధం లేదు. కోట్ల రూపాయల పడవలు లంగరు వేసి కూర్చునే ఆ రెండు నెలలు తెరచాపకు రాజ్యం వస్తుందన్నమాట. ఈ సంగతి నాకు మొదటే తట్టి ఉంటే విడిదికి కట్టిన డబ్బు మిగిలేది.

మైపాడు పెన్నకు దక్షిణాన, మా పాలెం ఉత్తరాన. నేరుగా చూస్తే దగ్గరే, కారుకు మాత్రం మళ్ళీ నెల్లూరు మీదుగా తిరిగి రావాలి. దారంతా రొయ్యల చెరువులు. పాలెం చేరేసరికి పదిన్నర. పడవ యజమానికి డెబ్బై దాటి ఉంటాయి. ఇంట్లోవాళ్ళతో వాళ్ళ తమిళం కలిసిన మాట, మాతో తెలుగు. నిషేధం రోజుల్లో ప్రభుత్వం ఇచ్చే 20,000 కొడుకు ఇంటికి వస్తుందట, "వలల బాగుకే అది సరి బాబూ" అన్నాడు. సగం రోజుకు 800 అని ఒక్కమాట చెప్పాడు. నాకు బేరమాడబుద్ధి కాలేదు.

తెరచాప విప్పగానే బావగారి ముఖం చూడాల్సింది. నెల్లూరులో ఏదో నగల దుకాణం వాళ్ళు కట్టిన ఫ్లెక్సీ బ్యానరును మూలగా కోసి, అంచులకు నైలాను తాడు వేసి కుట్టారు. గాలి నిండేసరికి ఒక ఆడమనిషి మెడ, మూడు వరుసల హారం తలకిందులుగా ఉబ్బి మా నెత్తిన నిలిచాయి. పక్కన "తరుగు లేదు" అనే అక్షరాలు. పూర్వం కోరా గుడ్డకు తుమ్మచెక్క కషాయం పట్టించి వాడేవారమని పడవ పెద్దాయన చెప్పాడు. ఈ బ్యానరు ఉచితంగా వచ్చిందట. తెరచాప కట్టిన కొయ్య వెదురుది. బావగారి తెరచాప ధర గుర్తొచ్చి నేను అటు తిరిగి దగ్గాను.

అయితే ఒక విషయంలో ఆయనదే పైచేయి. కారు డిక్కీలోంచి మూడు లైఫ్ జాకెట్లు తీసి, "ఇవి వేసుకుంటేనే మీ చెల్లెలిని ఎక్కనిస్తాను" అని పట్టుబట్టారు. కంగారులో చెల్లెలు తనదో నాదో మరిచిపోయారు. ఆ పాలెంలో ఎవరి దగ్గరా జాకెట్లు లేవు. మీరు వెళ్తే తప్పకుండా వెంట తీసుకెళ్ళండి. నెల్లూరులోనో చెన్నైలోనో కొనుక్కునే వెళ్ళండి, పొదుపు చేయాల్సిన చోటు అది కాదు.

సముద్రంలోకి వెళ్ళలేదు. ఇసుకదిబ్బ వెనక వెడల్పయిన ఉప్పుటేరులోనే తిరిగాం. ఆ తీరంలో తెల్లవారుజామున గాలి నేల మీదనుంచి సముద్రం వైపు వీస్తుంది, ఎండ ముదిరి నేల కాగాక సముద్రం మీదనుంచి ఇటు తిరుగుతుంది. వెనకటివాళ్ళు చీకటితో మొదటి గాలికి వేటకు వెళ్ళి, మధ్యాహ్నం రెండో గాలికి ఇంటికి వచ్చేవారు, చమురు ఖర్చు లేకుండా. పదకొండున్నర దాకా నీళ్ళు నూనెలా కదలకుండా ఉన్నాయి. బావగారు గడియారం చూసుకున్నారు. పెద్దాయన బీడీ పొగ ఎటు పోతుందో చూస్తూ కూర్చున్నాడు. పొగ పడమటికి వాలగానే లేచి మోకు నా చేతికి ఇచ్చాడు.

"దేనికీ కట్టేయొద్దు బాబూ. చేతిలోనే ఉంచుకోండి. గాలి ఒక్కసారి పెరిగితే వదిలేయండి, పడవ తనే నిలబడుతుంది."

మోకులో గాలి తెలుస్తుందని నాకు ఆ రోజుదాకా తెలియదు. ఒంగోలువాడిని కనుక నాకు తట్టిన పోలిక గిత్త పగ్గమే. వదులుగా ఉన్నప్పుడు ఏమీ ఉండదు, తల తిప్పిందంటే భుజం దాకా వస్తుంది. చప్పుడు లేదు. ఇంజను పడవలో ఎప్పుడూ వినపడని చిన్న గలగల పడవ ముక్కు కింద వినిపించింది. మా ఆవిడ చేతిని నీళ్ళలో ముంచి అలాగే ఉంచింది. ముందురోజు రాత్రి తర్వాత ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట, "మోకు కాసేపు నాకు ఇవ్వండి."

ఇరవై నిమిషాల్లో ఉత్తరాన ఒక ఉప్పుకొటార్ల దాకా వెళ్ళాం. తిరిగి రావడానికి గంటా పావు పట్టింది. గాలి ఆగ్నేయం నుంచి వీయసాగింది, ఎదురుగాలికి పడవ నేరుగా వెళ్ళదు, ఏటవాలుగా ఒకసారి ఇటు ఒకసారి అటు కోసుకుంటూ రావాలి. అడుగు చదునైన పడవ ముందుకు వెళ్ళినంతా పక్కకు జారుతుంది. జారకుండా పక్కన నీళ్ళలోకి దించే బారుపలక ఒకటి ఉంది. దాన్ని పట్టుకుని కూర్చునే పని బావగారు అడిగి తీసుకున్నారు. మలుపు తిరిగిన ప్రతిసారీ పలకను ఇవతలినుంచి అవతలికి మార్చాలి. మూడో మలుపుకే చొక్కా తడిసింది, నాలుగో మలుపుకు ఆ బూటు జారి మోకాలు కొట్టుకుంది, ఐదో మలుపుకు బూట్లు విప్పి పడవ ముక్కులో పడేశారు. పెద్దాయనకు ఆ పలక గురించి ఏదో సలహా కూడా ఇచ్చారు, పెద్దాయన విని అలాగే చేశాడు. పడవ కొంచెం మెరుగ్గానే నడిచింది, ఒప్పుకోవాలి.

ఆ దారిలోనే ఆయనే ఒక మాట చెప్పారు. పిల్లలు ఎక్కువగా నేర్చుకునే ఆప్టిమిస్ట్ అనే బుల్లి పడవ ఉంది, పొడవు 2.36 మీటర్లు. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో దాన్ని ప్లైవుడ్ బల్లలతో తయారుచేసిందే డబ్బు లేని పిల్లల చేతికి అందాలని. మన హుస్సేన్ సాగర్‌లో పేదింటి పిల్లలు దాని మీదే నేర్చుకుని పోటీలకు వెళ్తున్నారు. ఇది తెలిసినవాడు సంక్రాంతికి నా పింఛను ఎందుకు ఎత్తారని అడుగుదామనుకున్నాను. ఆయన చేతులు రెండూ పలక మీద ఉన్నాయి, వదిలేశాను.

ఒడ్డున మెరైన్ పోలీసు ఒకాయన పడవ వెనక్కి వంగి ఇంజను కోసం చూశాడు. లేదు. నగల హారం వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

భోజనం ఆ ఇంట్లోనే. పెద్దాయన కోడలు రాత్రి వండిన పులుసు. ఉప్పుటేటి చిన్న చేపలు, మామిడికాయ ముక్కలు, రాత్రంతా మట్టిచట్టిలో ఊరి ముక్కకు పులుపు పట్టింది. పైన నూనె ఎర్రగా తేలి ఉంది. మామిడి టెంకను బావగారు చీకుతూ చాలాసేపు కూర్చున్నారు. డబ్బు వద్దంటే మా ఆవిడ పిల్లల చేతిలో 300 పెట్టింది. ఆమె ఫిర్యాదు ఒక్కటే, అది న్యాయమైనదే. ఆ గట్టున ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు, ఆ కోడలే తన ఇంటికి తీసుకెళ్ళింది. ఆడవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ముందే పాలెంలో ఒక ఇంటితో మాట్లాడుకోండి. నీళ్ళు, గడ్డం కింద తాడు ఉన్న టోపీ మీరే తెచ్చుకోండి. నా టోపీ ఇప్పుడు ఉప్పుటేరులో ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాయుగుండాల కాలంలో, ఎవరు పిలిచినా వెళ్ళకండి.

ఆ రాత్రి నెల్లూరు రైల్వే స్టేషను దగ్గర లాడ్జి 900, భోజనాలు 340, బాగా నిద్రపట్టింది.

వారం తర్వాత ఆ విడిదినుంచి మా ఆవిడ ఫోనుకు సందేశం వచ్చింది, మా సేవలు ఎలా ఉన్నాయో రాయండి అని. ఆమె నన్ను అడగకుండానే జవాబు పంపింది: "మీ పడవకు రోజూ నీళ్ళు పోయండి. క్రోటన్లు వాడిపోతున్నాయి."