మా పాత జెన్‌కి కీప్యాడ్ ఇమ్మొబిలైజర్ పెట్టించాను

నేను ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేస్తాను. పక్షవాతం వచ్చినవాళ్లు, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు కదల్లేరు కాబట్టి విజయవాడలో పటమట నుంచి భవానీపురం దాకా రోజంతా నేనే తిరగాలి. వెళ్లిన ప్రతిచోటా కారు వీధిలో వదిలేసి ముప్పావుగంటో గంటో లోపల ఉండిపోతాను. రాత్రి సంగతీ అంతే. సత్యనారాయణపురంలో మా అపార్ట్‌మెంటుకి కార్ పార్కింగ్ లేదు, బండి సందులోనే ఉంటుంది.

కారు 2004 మోడల్ మారుతి జెన్, నాన్నగారు కొన్నది. తాళంలో చిప్ లేదు, ఉత్త ఇనప తాళం. స్టీరింగ్ కింద కవరు ఊడదీసి వైర్లు కలపడం తెలిసినవాడికి అది అడ్డే కాదు. పైగా దీనికి నేను కట్టేది థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే. దొంగతనం జరిగితే అందులో పైసా రాదు. బండి పోతే నా పని ఆగిపోతుంది. అందుకే కోడ్ నొక్కందే ఇంజిన్ స్టార్ట్ కానివ్వని ఈ కీప్యాడ్ ఇమ్మొబిలైజర్ పెట్టించాను, ఇప్పుడు ఎవరడిగినా పెట్టించుకోమనే చెబుతున్నాను. కాకపోతే ఎలా పెట్టించుకోవాలో కూడా చెప్పాలి.

వస్తువు చిన్నదే. అగ్గిపెట్టెంత కీప్యాడ్, డ్యాష్‌బోర్డు లోపల దాచే ఒక డబ్బా, రిలేలు (డబ్బా చెప్పినట్టు వైరులో కరెంటును కలిపే, ఆపే చిన్న స్విచ్‌లు). తాళం తిప్పాక నాలుగంకెల కోడ్ నొక్కితేనే ఇంజిన్ స్టార్టవుతుంది. తాళం ఆపేసిన కొన్ని సెకన్లకు మళ్లీ దానంతటదే లాక్ అయిపోతుంది, మనం గుర్తుపెట్టుకుని చేయాల్సిందేమీ లేదు. కిట్‌కీ పనికీ కలిపి నాలుగు వేలు దాటలేదు.

అసలు విషయమంతా వైరింగ్‌లో ఉంది. మొదట అడిగిన షాపులో అరగంటలో అయిపోతుందన్నారు. ఒక్క వైరు కోసి, మెలిపెట్టి, టేపు చుట్టేస్తారట. ఎండకు ఆ టేపు జిగురు కారిపోతుంది, వానాకాలంలో జాయింటు చిలుము పడుతుంది. నాకు నచ్చలేదు. ఆటోనగర్‌లో పాత బండ్ల వైరింగ్ చూసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన డబ్బా వైపు చూడనైనా చూడలేదు. ముందు నన్ను అడిగిన మాట ఇది: "అమ్మా, బండి వాలులో ఎక్కడైనా పెడతావా?"

"మొగల్రాజపురం కొండ పక్కన ఒక పేషెంటు ఉన్నారు బాబాయ్, అక్కడ రోడ్డు వాలే" అన్నాను.

"అయితే సెల్ఫ్ ఒక్కటే కట్ చేస్తే చాలదమ్మా" అన్నారు.

ఎందుకో వివరంగా చెప్పారు. చాలామంది సెల్ఫ్‌కి, అంటే ఇంజిన్‌ని మొదట తిప్పే మోటారుకి, వెళ్లే వైరు ఒక్కటే కట్ చేయించుకుంటారు. అందులో ఒక మంచి ఉంది: నడుస్తున్న ఇంజిన్‌కి సెల్ఫ్‌తో పని లేదు కాబట్టి రిలే చెడిపోయినా బండి రోడ్డు మధ్యలో ఆగదు. కానీ గేర్లబండిని వాలులో వదిలి, రెండో గేరులో క్లచ్ వదిలితే సెల్ఫ్ లేకుండానే స్టార్టవుతుంది. ఇద్దరు తోసినా చాలు. దాన్ని ఆపాలంటే ఫ్యూయల్ పంపు కూడా కట్ చేయాలి. అప్పుడు పైపులో మిగిలిన పెట్రోలుతో ఇంజిన్ అందుకున్నా కాసేపటికే చచ్చిపోతుంది.

నా టెన్షన్ మొత్తం ఆ ఫ్యూయల్ పంపు గురించే. కనకదుర్గ ఫ్లైఓవర్ మీద లారీల మధ్య వెళ్తుండగా ఆ రిలే వదిలేస్తే? ఇంజిన్ ఆగితే బ్రేకు పెడల్ కూడా గట్టిపడుతుంది, బలంగా తొక్కాలి. ఆ మాట అడిగితే ఆయన తేలిగ్గా కొట్టిపారేయలేదు. పంపుకి 40 ఆంపియర్ల మంచి రిలే సాకెట్‌తో సహా వేశారు. జాయింట్లన్నీ సోల్డరింగ్ చేసి స్లీవ్ ఎక్కించారు. సెల్ఫ్ దగ్గర కూడా బ్యాటరీ నుంచి వచ్చే లావు కేబుల్ జోలికి పోకుండా, తాళం నుంచి వెళ్లే సన్న వైరునే కట్ చేశారు. పూట పట్టింది. ఇంతవరకు ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు.

ఇంకో సంగతి మీరు అడిగి తెలుసుకోవాల్సిందే. రిలేని రెండు రకాలుగా కలపొచ్చు. కరెంటు అందినప్పుడే దారి ఇచ్చేలా కలిపితే, దొంగ డబ్బాని పీకేసినా బండి కదలదు. తిరగేసి కలిపితే డబ్బా పీకిన మరుక్షణం అది మామూలు బండే. సులువని రెండోది చేసేవాళ్లుంటారు. పని అయ్యాక డబ్బా ప్లగ్ తీయించి, మీ ఎదుటే తాళం తిప్పి చూపించమనండి. అలాగే కావాలని గేరులో క్లచ్ వదిలి ఇంజిన్ ఆపి చూడండి. తాళం ఆన్‌లోనే ఉంటే కోడ్ అడగకుండా మళ్లీ స్టార్టవ్వాలి. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతే, వెనక హారన్లు మోగుతుంటే అంకెలు వెతుక్కోవడం కుదరదు.

ఇబ్బందులూ ఉన్నాయి. పెట్రోలు బంకులో తాళం ఆపినా మళ్లీ కోడ్ కొట్టాల్సిందే. బీప్ శబ్దం పెద్దది, తగ్గించే వీలు లేదు. నాన్నగారికి రాత్రిపూట అంకెలు కనపడవు, వెలుగు చాలదు. అన్నిటికంటే నాకు నచ్చనిది, మీటల మీద అంకెలు అరిగిపోవడం. ఏ నాలుగు మీటలు అరిగాయో కనిపిస్తే దొంగ పది వేల కోడ్‌లు ప్రయత్నించక్కర్లేదు, 24 చాలు. ఒక అంకెను రెండుసార్లు వాడి మూడు మీటలే అరిగితే అవి 36 అవుతాయి, పెద్ద తేడా ఏమీ కాదు. వరసగా తప్పు నొక్కితే కాసేపు పనిచేయకుండా బిగుసుకుపోయే ఏర్పాటు ఉంది కాబట్టి ధైర్యం. అయినా అప్పుడప్పుడు కోడ్ మారుస్తాను, కీప్యాడ్‌ని స్టీరింగ్ కింద కనపడకుండా పెట్టించాను. సర్వీసుకి ఇచ్చేటప్పుడు, కోడ్ లేకుండానే స్టార్టయ్యే వ్యాలే మోడ్‌లో పెడితే కోడ్ ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇన్సూరెన్సులో తగ్గింపు వస్తుందని అమ్మేవాళ్లు చెబుతారు. అది వాహనాలను పరీక్షించే సంస్థ ఏఆర్ఏఐ ఆమోదం ఉన్న పరికరానికి, బిగించినట్టు ఆటోమొబైల్ అసోసియేషన్ సర్టిఫికెట్ ఉంటే, ఓన్ డ్యామేజ్ (మన బండికే జరిగే నష్టానికి కట్టే) ప్రీమియంలో 2.5 శాతం, అదీ 500 రూపాయలకు మించకుండా అన్న లెక్క. నాలాంటి థర్డ్ పార్టీ వాళ్లకు అసలు వర్తించదు.

తాళంలో చిప్ ఉన్న కొత్త కారు, అదీ వారంటీలో ఉంటే, దాని వైర్లు మాత్రం ఇలా కోయించకండి. ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడగండి. చిప్ లేని పాత పెట్రోలు బండి, వీధి పార్కింగ్, థర్డ్ పార్టీ పాలసీ, ఈ మూడూ మీకు ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. డబ్బా ఏ కంపెనీదైనా ఫర్వాలేదు గానీ, వైరింగ్ చేసే మనిషిని వెతకడానికి ఒక రోజు కేటాయించండి.