అణు కేంద్రాల సిబ్బంది సామర్థ్యం: సొంత అర్హత విధానమా, బయటి బోర్డా?

అమెరికా రక్షణ అణు కేంద్రాలను, అంటే అణ్వాయుధాల పనికి సంబంధించిన కేంద్రాలను, ఎక్కువగా కాంట్రాక్టు సంస్థలే నడుపుతాయి కనుక, వాటిని పర్యవేక్షించే ప్రభుత్వ ఇంజనీర్లకు ఆ పని నిజంగా తెలుసా అన్నది ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న. దీనికి మొదటి జవాబు, ఆ ఇంజనీర్లు పనిచేసే ఇంధన శాఖ వారి సామర్థ్యాన్ని తానే పరీక్షించుకునే సాంకేతిక అర్హత కార్యక్రమం. కేంద్రంలో శాఖ ప్రతినిధిగా ఉండే ఇంజనీరు పరీక్షలు నెగ్గితే చాలదు. ప్లాంటులో తిరుగుతూ, వాల్వు పనిపత్రంలో రాసినట్టే మూసి ఉందో లేదో గుర్తించగలగాలి. ఇంతటి రోజువారీ పరిచయం బయటివారికి దొరకడం కష్టం. అయితే తన మనుషుల్లోని లోటును తానే ఒప్పుకోవడం ఏ శాఖకైనా కష్టమే.

రెండోది, 1988లో అమెరికా కాంగ్రెస్ (చట్టసభ) చట్టం ద్వారా ఏర్పరచిన రక్షణ అణు కేంద్రాల భద్రతా బోర్డు. శాఖ సాంకేతిక సామర్థ్యాన్ని పెంచుకోవాలని 1993లో తన 93-3 సిఫార్సులో సూటిగా చెప్పింది ఈ బోర్డే. దాని సిఫార్సులు ఆదేశాలు కావు గానీ, వాటిని అంగీకరిస్తున్నదీ లేనిదీ ఇంధన మంత్రి బహిరంగంగా తెలపాలి. లోటును బయటపెట్టడంలో నేను బోర్డునే ఎక్కువ నమ్ముతాను. దాన్ని పూడ్చే శిక్షణ మాత్రం శాఖ చేతుల్లోనే ఉంది.